స్పీడ్ బ్రేకర్ మనమే పోసుకోవచ్చా సార్? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గోల మీద ఉన్నాయి, ఇళ్ల మధ్య వీధుల్లో బండ్ల స్పీడు. నెల్లూరు, ఒంగోలు, కావలి, చీమకుర్తి వైపు నుంచి కూడా రాశారు. అందరూ అడిగేది చివరికి స్పీడ్ బ్రేకరే. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం, కరెంటు మీటర్ల మీద అడిగిన వాళ్లు వచ్చే నెలదాకా ఆగండి ప్లీజ్.

ప్రశ్న: సార్ నమస్తే. మాది నెల్లూరు, మినీ బైపాస్ పక్క వీధి. మెయిన్ రోడ్డు కాస్త జామ్ అయితే చాలు కార్లు, ఆటోలు, బైకులు అన్నీ మా వీధిలోకి తిరిగేస్తాయి, ఇరుకులోనే పోయినంత స్పీడుగా పోతారు. సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చే పిలకాయలు గోడకి ఆనుకుని నడవాల్సిందే. చెప్పాల్సిన వాళ్లకి చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇంటికింత అని వేసుకుని మేస్త్రీని మాట్లాడుకున్నాం, రెండు బ్రేకర్లు మేమే పోయించేద్దామని. సిమెంట్ కూడా తెచ్చి పెట్టాం. ఇందులో తప్పేమన్నా ఉందా? – ఒక గృహిణి, మాగుంట లేఅవుట్

జవాబు: ఆ సిమెంటు బస్తాలు ఎవరింట్లో ఉన్నాయో అక్కడే ఉంచండమ్మా, మెట్ల రిపేరుకో దేనికో పనికొస్తాయి, రోడ్డు మీద మాత్రం పొయ్యొద్దు. ఆ రోడ్డు కార్పొరేషన్‌ది, దాని మీద పర్మిషన్ లేకుండా ఏం కట్టినా దారికి అడ్డం పెట్టినట్టే లెక్క, రాత్రిపూట ఎవరన్నా బైకు మీంచి పడి తలకి దెబ్బ తగిల్తే కేసు మేస్త్రీ మీదకి కాదు, డబ్బులేసుకున్న మీ మీదకి వస్తుంది. ఇది చట్టం సంగతి. దీనికన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది, మేస్త్రీ పోసే బ్రేకర్ అసలు పని చెయ్యదు.

ఎందుకో చెప్తా. మన మేస్త్రీలు పోసేది ఎట్టా ఉంటుందో మీకు తెలుసు, అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు, నిలువుగా గట్టులాగ. దాని మీద మెల్లగా పోయినా కుదుపే, గట్టిగా పోయినా కుదుపే. ఇంకో విచిత్రం, సన్నగా నిటారుగా ఉన్న గట్టు మీద కారు స్పీడుగా పోతే టైరూ స్ప్రింగూ ఆ దెబ్బని మింగేస్తాయి, లోపల కూర్చున్నోడికి పెద్దగా తెలియదు. అంటే మీరు ఎవణ్ణి ఆపుదామని కట్టారో వాడు హాయిగా ఎగిరి పోతాడు. నడుం నొప్పితో స్కూటీ మీద కూర్చున్న పెద్దావిడ, ఆటోలో కడుపుతో ఉన్న అమ్మాయి, సైకిల్ మీద పాలబ్బాయి, వీళ్లకి పడుతుంది దెబ్బ.

దీన్ని ఇంగ్లండులో రోడ్డు పరిశోధన సంస్థ వాళ్లు 1970ల మొదట్లోనే రకరకాల ఆకారాలు పోసి బండ్లు నడిపించి చూసి తేల్చారు. వెడల్పుగా, గుండ్రంగా, నున్నగా ఉన్న బ్రేకర్, దాన్నే హంప్ అంటారు, దాని మీద అయితే స్పీడు పెరిగే కొద్దీ ఇబ్బంది పెరుగుతుంది, మెల్లగా పోయేవాడికి ఏమీ ఉండదు. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) కూడా అదే కొలత తీసుకుంది, ఐఆర్‌సీ 99 అనే పుస్తకంలో ఉంటుంది, 1988లో మొదట వచ్చింది, 2018లో పూర్తిగా మార్చి రాశారు. కొలత ఏందంటే వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. మన లెక్కలో పన్నెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు. గంటకి 25 కిలోమీటర్ల దగ్గర పోయేవాడు హాయిగా దాటేస్తాడు, దానిపైన పోయేవాడికి ఎత్తెత్తి వేస్తుంది. ఒక హంప్‌కీ ఇంకో హంప్‌కీ మధ్య 100 నుంచి 120 మీటర్లు ఉండాలి. ముందుగా బోర్డు, హంప్ మీద పెయింటు, రాత్రి మెరిసే స్టడ్లు, పక్క కాలవలోకి నీళ్లు పోయే దారి, ఇవన్నీ ఉండాలి. నవంబర్ వానల్లో మన నెల్లూరు వీధుల సంగతి తెలిసిందే కదా, అడ్డంగా గట్టు పోస్తే పైనున్న నాలుగిళ్ల ముందు చెరువే. పన్నెండడుగుల వెడల్పు గుండ్రంగా చెయ్యాలంటే చెక్క అచ్చు ఉండాలి, కంటి అంచనాకి కుదరదు, అందుకే ఊళ్లో నూటికి తొంభై హంప్‌లు తప్పుడు హంప్‌లే అని నా అభిప్రాయం, కార్పొరేషన్ వాళ్లు వేసినవి కలిపి.

సరే ఇక మీ వీధికి వద్దాం. మీరు రాసినదాన్ని బట్టి మీ అసలు సమస్య షార్ట్‌కట్. వీధిలో ఉండేవాళ్ల స్పీడు కాదు, వీధితో పనిలేని వాళ్లు వీధిలోంచి పోవడం. దానికి హంప్ సగం మందే. షార్ట్‌కట్ లాభం లేకుండా చేస్తే వాళ్లే రారు. రెండు దార్లు ఉన్నాయి, ఒకటి వీధి నోరు బిగించడం. మన లేఅవుట్లలో మెయిన్ రోడ్డు నుంచి వీధిలోకి తిరిగే మూల ఎంత విశాలంగా ఉంటుందో చూడండి, కారు బ్రేకు తొక్కకుండా తిరిగేయొచ్చు. ఆ మూలని లోపలికి కట్ట కట్టి చిన్నది చేస్తే, అంటే కాస్త ఫుట్‌పాత్ ముందుకి తెచ్చి రెండు మొక్కలు పెడితే, తిరిగేటప్పుడే 15, 20కి తగ్గాలి, ఆ తగ్గిన స్పీడుతోనే లోపలికొస్తాడు. రెండోది వీధి మధ్యలో ఒకచోట నాలుగు స్తంభాలు పాతి మనుషులు, సైకిళ్లు, బైకులు మాత్రం పట్టేలా వదలడం. అప్పుడు కార్లకి ఆ వీధి దారి కాదు, గమ్యం మాత్రమే. దీనికి వీధిలో అందరూ ఒప్పుకోవాలి, ఎందుకంటే మీ కారు కూడా చుట్టు తిరిగి రావాలి, చెత్త బండికీ అంబులెన్సుకీ రెండు పక్కల నుంచీ దారి ఉండాలి. ఒప్పుకోరు అనుకోండి, పోనీ మొదటిదన్నా అడగండి.

అడిగేటప్పుడు కాగితం మీద ఊరికే 'చాలా స్పీడుగా పోతున్నారు' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. కొలవండి. వీధిలో రెండు కరెంటు స్తంభాల మధ్యో ఎక్కడో టేపుతో 50 మీటర్లు కొలిచి సుద్దతో గీతలు గీయండి. మేడ మీద కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి బండి మొదటి గీత నుంచి రెండో గీతకి ఎన్ని సెకన్లలో పోతుందో చూడండి. 6 సెకన్లు పడితే గంటకి 30 కిలోమీటర్లు. 4 సెకన్లయితే 45. మూడున్నరకి వచ్చిందంటే 50 దాటాడు. సాయంత్రం స్కూళ్లు వదిలే టైములో ఒక గంట కొలిచి, ఎన్ని బండ్లు, అందులో ఎన్ని 4 సెకన్ల లోపు పోయాయి అని పట్టీ రాయండి. అది వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి, కాపీ కమిషనర్‌కి, ఇంకో కాపీ ట్రాఫిక్ పోలీసులకి. పదిహేను రోజులకి కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో, అదే పీజీఆర్ఎస్ అంటారు, అక్కడ పెట్టండి, నంబర్ ఇస్తారు. జిల్లా రోడ్ సేఫ్టీ కమిటీకి కలెక్టరే చైర్మన్, కాబట్టి అర్జీలో 'రోడ్ సేఫ్టీ కమిటీ దృష్టికి' అని ఒక ముక్క రాయండి.

ప్రశ్న: మా వీధికి కొత్తగా సీసీ రోడ్డు వేశారు. వేసినందుకు సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదు. గుంటలున్నన్నాళ్లూ ఒక్కడు స్పీడుగా పోలా, ఇప్పుడు రన్‌వే అయిపోయింది. ఇదేం ఖర్మ? – రిటైర్డ్ టీచర్, వేదాయపాళెం

జవాబు: మాస్టారూ, మీరు ఒక్క ముక్కలో అసలు విషయం చెప్పేశారు. డ్రైవర్ బోర్డు చూసి స్పీడు పెట్టడు, రోడ్డు చూసి పెడతాడు. నున్నగా, నేరుగా, వెడల్పుగా, ముందు రెండు వందల గజాలు కనిపిస్తుంటే కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీదకి పోతుంది, వాడు చెడ్డోడని కాదు. మీరూ నేనూ కూడా అంతే. కాబట్టి రోడ్డు వేసేటప్పుడే స్పీడు కూడా వేసినట్టు.

గుంటలు మళ్లీ రావాలని కోరుకోవద్దు, అవి స్పీడు తగ్గించే దానికన్నా బైకులోళ్లని పడేసేదే ఎక్కువ. చెయ్యగలిగింది రోడ్డు నేరుగా కనపడకుండా చెయ్యడం. చాలా తక్కువ ఖర్చుతో అయ్యేది పార్కింగు. ఇప్పుడు మీ వీధిలో ఎవరింటి ముందు వాళ్లు అడ్డదిడ్డంగా పెట్టుంటారు. అట్టా కాకుండా వీధి మొదటి సగం ఎడమ పక్కనే, రెండో సగం కుడి పక్కనే అని తెల్ల గీతలు కొట్టించి పెట్టుకుంటే మధ్య దారి వంకర తిరుగుతుంది, బండి అటు ఇటు తిప్పుకుంటూ పోవాలి, తిప్పేటప్పుడు తగ్గించక తప్పదు. అంబులెన్సు, ఫైరింజను పట్టే వెడల్పు మటుకు వదలండి. మలుపుల్లో బండ్లు పెట్టొద్దు, అక్కడ పెడితే పరిగెత్తుకొచ్చే పిల్లోడు కారు డ్రైవర్‌కి కనపడడు.

హాలండులో డెల్ఫ్ట్ అనే ఊరుంది, అక్కడి వాళ్లు 1960ల చివర్లో ఇట్టాగే తమ వీధుల్లో కార్ల గోల భరించలేక రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ తేడా తీసేసి, మధ్యలో చెట్లు, బెంచీలు, పూలతొట్లు పెట్టి వీధిని ముంగిలిలాగ చేశారు. కారు రావొచ్చు, కానీ మనిషి నడిచే స్పీడుతోనే. తర్వాత 1976లో ఆ దేశ ప్రభుత్వమే దానికి చట్టం చేసింది. మన దగ్గర ముంగిలి అనేది పాతకాలం నుంచీ ఉన్నదే, ముగ్గు వేసిన చోట బండి ఎవడూ తొక్కించడు కదా, ఇప్పుడు అది గేటు లోపలికి పోయింది. పోయిందంటే గుర్తొచ్చింది, గేటు ముందు కారు ఎక్కడానికి రోడ్డులోకి అడుగున్నర ర్యాంపు పోస్తారే, అది చెయ్యకండి. ర్యాంపులన్నీ తప్పించుకుంటూ నడిచేవాళ్లు రోడ్డు మధ్యకి వస్తున్నారు.

ఇంకో సలహా, ఇది మీకు లేటు, పక్క వీధి వాళ్లకి చెప్పండి. రోడ్డు ఎస్టిమేటు రాసేటప్పుడే, అంటే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) వచ్చి టేపు పట్టేటప్పుడే, హంప్‌లు, మూలలు బిగించడం, గీతలు అందులో కలపమని అడగాలి. అప్పుడైతే పనిలో పని. రోడ్డు అయిపోయాక విడిగా హంప్‌కి ఎస్టిమేటు అంటే ఆ ఫైలు కదిలేసరికి మీ మనవడు ఇంజినీరింగ్‌లో చేరతాడు.

ప్రశ్న: అన్నా, మా ఊరి మధ్యలోంచే ఆర్ అండ్ బి రోడ్డు పోతుంది. గ్రానైట్ రాళ్లు వేసుకుని లారీలు వస్తాయి, బడి రోడ్డుకి ఒక పక్క, ఊరు ఇంకో పక్క. ఈ రోడ్డు మీద బ్రేకర్ వెయ్యమంటే కుదరదంటున్నారు. మనుషుల ప్రాణాలు లెక్కలేదా? – యువకుడు, చీమకుర్తి దగ్గర పల్లె

జవాబు: తమ్ముడూ, కోపం న్యాయమే కానీ వాళ్లు కుదరదన్నది కూడా పూర్తిగా సాకు కాదు. నేషనల్ హైవేల మీద బ్రేకర్లు ఉండకూడదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఎప్పుడో చెప్పింది. ఆర్ అండ్ బి పెద్ద రోడ్ల మీద కూడా మామూలుగా ఒప్పుకోరు. ఐఆర్‌సీ వాళ్ల మొదటి పుస్తకం పేరులోనే చిన్న రోడ్లకి అని ఉంది. ఎందుకంటే 70లో వచ్చేవాడికి చీకట్లో ఎదురుగా గట్టు వస్తే వాడే చస్తాడు. 2015లో దేశం మొత్తం మీద స్పీడ్ బ్రేకర్ల దగ్గర జరిగిన ప్రమాదాల్లో మూడు వేల పైచిలుకు మంది పోయారని ప్రభుత్వ లెక్కలే ఉన్నాయి. పైగా గ్రానైట్ బ్లాకు టన్నుల బరువు, లారీ గట్టు మీద ఎగిరిందంటే రాయిని కట్టిన గొలుసు మీద ఎంత లోడు పడుతుందో నువ్వే ఆలోచించు, పక్కనే బడి పిలకాయలు.

మరి ఏం అడగాలి? లారీ డ్రైవర్ గంటసేపటి నుంచి ఖాళీ రోడ్డు మీద వస్తున్నాడు, వాడి కంటికి స్పీడు తెలియడం మానేసి ఉంటుంది. ఊరు వచ్చిందని వాడికి ముందే తెలియాలి. ఊరి మొదట్లో ఇళ్లు రాకముందే రోడ్డుకి అడ్డంగా సన్నటి చారలు వేస్తారు, రంబుల్ స్ట్రిప్స్ అంటారు, టైరు కింద గరగరమని శబ్దం వస్తుంది. అవి ఇళ్లకి దూరంగానే వెయ్యమను, ఇంటి పక్కన వేశారంటే రాత్రంతా నిద్ర ఉండదు, తర్వాత నువ్వే పీకేయమని అర్జీ పెడతావు. వాటి తర్వాత రెండు పక్కలా ఊరి పేరు బోర్డు, స్పీడు బోర్డు, అంచు గీతలు లోపలికి జరిపి రోడ్డు ఇరుకైనట్టు కనిపించేలా చెయ్యడం. బడి దగ్గర మధ్యలో చిన్న డివైడర్, మనిషి నిలబడేంత ఖాళీతో. ఇది చాలా ముఖ్యం, పిల్లోడు ఒకేసారి రెండు వైపులా చూసి దాటడం కష్టం, సగం దాటి నిలబడి, మిగతా సగం దాటితే ఒకసారికి ఒక వైపు చూసుకుంటే చాలు. రోడ్డు లైటు, జీబ్రా గీతలు ఎటూ ఉండాలి. ఊరి లోపలి సందుల్లోంచి ఆ రోడ్డు మీదకి ఎక్కే చోట మాత్రం హంప్ వేయించుకోండి, మెయిన్ రోడ్డు అంచుకి ఓ 5 మీటర్ల ముందు. దానికి ఎవరూ అడ్డు చెప్పరు, పంచాయతీ రోడ్డు మీదే కాబట్టి. మన బైకులోళ్లు చూడకుండా ఎక్కేయడం ఆగుతుంది.

అర్జీలో ఒక సెక్షన్ కూడా రాయి. మోటారు వాహనాల చట్టంలో 2019లో 198ఎ అని కలిపారు. రోడ్డు డిజైన్, మెయింటెనెన్సు ప్రమాణాల ప్రకారం లేక దాని వల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం వచ్చినా ఆ రోడ్డు బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. భయపెట్టడానికి కాదు, నీకు తెలుసని వాళ్లకి తెలియడానికి.

ప్రశ్న: 20 కిలోమీటర్ల బోర్డు పెట్టించాం, ఒక్కడూ లెక్క చెయ్యడం లేదు. అసలు ఊళ్లో లిమిట్ ఎంత? – అపార్ట్‌మెంట్ సెక్రటరీ, ఒంగోలు

జవాబు: 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ హద్దుల్లో కార్లకి గరిష్టం 70, బైకులకి 60, ఆటోలకి 50. అవును, నాకూ చదివినప్పుడు ఇదే మొహం పడింది. అది గరిష్టం, రాష్ట్ర ప్రభుత్వం కానీ అధికారం ఇచ్చిన ఆఫీసు కానీ ఒక రోడ్డుకి అంతకన్నా తక్కువ పెట్టొచ్చు, పెడితే బోర్డు వాళ్లే పెట్టాలి. మీరు అపార్ట్‌మెంట్ పేరు కింద రాయించి పెట్టిన బోర్డుకి చట్టంలో విలువ లేదు, పోలీసు దాని మీద చలానా రాయలేడు.

ఇళ్ల మధ్య 30 దాటకూడదని ప్రపంచమంతా ఇప్పుడు చెప్తున్న మాట, 2020లో స్టాక్‌హోమ్‌లో దేశాలన్నీ కలిసి కూర్చున్నప్పుడు కూడా అదే అన్నారు. ఎందుకు 30? లెక్క చూడండి. పిల్లోడు బంతి కోసం అడ్డం వచ్చాడు. డ్రైవర్ చూసి, బుర్రకెక్కి, బ్రేకు మీద కాలు పడేసరికి ఒక సెకను. 30లో పోయేవాడు ఆ సెకనులో 8 మీటర్లు పోతాడు, బ్రేకు పడ్డాక ఇంకో 5 మీటర్లు, మొత్తం 13, 14 దగ్గర ఆగిపోతాడు. 50లో పోయేవాడు ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు పోతాడు. అంటే 30 వాడు ఆగిపోయిన చోట 50 వాడు ఇంకా బ్రేకే తొక్కలేదు. పూర్తి 50తో కొడతాడు. ఇది పొడి రోడ్డు మీద, బ్రేకులు బాగున్న బండికి.

సగటు స్పీడు 5 శాతం తగ్గితే ప్రాణం పోయే ప్రమాదాలు 30 శాతం దాకా తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. లండన్‌లో గంటకి 20 మైళ్ల వీధులు, అంటే మన 32, చేసిన చోట్ల దెబ్బలు తగిలిన వాళ్ల సంఖ్య 42 శాతం దాకా తగ్గిందని 2009లో లెక్క తేలింది. కాకపోతే ఆ వీధుల్లో బోర్డు ఒక్కటే పెట్టలేదు, హంప్‌లు, ఇరుకు చెయ్యడాలు అన్నీ కలిపి చేశారు. బోర్డు ఒక్కటే అయితే మీకైన అనుభవమే అవుతుంది.

ప్రశ్న: చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది. పక్కింటి వదిన కొడుకు పదో తరగతి, వాళ్ల నాన్న బైకు వేసుకుని సైలెన్సర్ తీసేసి వీధిలో పైకీ కిందికీ తిరుగుతాడు. మా పాప సైకిల్ బయటికి తియ్యడమే మానేసింది. పోలీసులకి చెప్తే ఇరుగు పొరుగు చెడుతుందని భయం. – ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, మీరు రాసింది చాలా వీధుల్లో ఉన్న నిజం. పైన కొలవమని చెప్పా కదా, కొలిచిన వీధుల్లో తరచుగా బయటపడేది ఏందంటే స్పీడుగా పోయేవాళ్లలో చాలామంది ఆ వీధి వాళ్లే, దారి బాగా తెలుసు కాబట్టి. బయటివాడు ఇంటి నంబరు చూసుకుంటూ మెల్లగా వస్తాడు. అర్జీ మీద మొదటి సంతకం పెట్టినాయన కొడుకే లిస్టులో మొదట ఉంటాడు, నవ్వొస్తుంది కానీ అంతే.

చట్టం మటుకు గట్టిగా ఉంది. 18 నిండకుండా గేరు బండి నడిపితే 199ఎ సెక్షన్ కింద శిక్ష పిల్లోడికన్నా ముందు తండ్రికి లేదా బండి ఓనర్‌కి, 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పదహారుకే లైసెన్సు ఇస్తారు కదా అంటారు కొందరు, అది 50 సీసీ దాటని గేరు లేని బండికి, మన ఇళ్లలో ఉండే స్కూటీలు ఏవీ దాని కిందకి రావు. సైలెన్సర్ మార్చడం విడిగా ఇంకో నేరం.

ముందు వదినతో మాట్లాడండి, అదీ వీధిలో కాదు, నలుగురి ముందు కాదు, వాళ్లింటికి పోయి. 'మీవాడు అల్లరి' అని మొదలెట్టకండి, ఏ తల్లీ ఒప్పుకోదు. 'వదినా, ఎవరన్నా ఫోన్‌లో వీడియో తీసి పెట్టారంటే అన్నయ్య మీదకి వస్తుందంట, 25 వేలంట, వాడికి పాతికేళ్లదాకా లైసెన్సు రాదంట' అని చెప్పండి. ఆవిడ భయం మీ మాట కన్నా బాగా పనిచేస్తుంది. ఇన్సూరెన్సు సంగతి కూడా చెప్పండి, లైసెన్సు లేనివాడు నడిపి ఎవరికన్నా తగిలితే కంపెనీ కట్టిన డబ్బు తిరిగి ఓనర్ దగ్గర వసూలు చేస్తుంది, ఇల్లు అమ్ముకున్నా తీరదు. వాడికి బండి మోజు అంతగా ఉంటే గంటకి 25 దాటని, 250 వాట్ల లోపు ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉన్నాయి, వాటికి లైసెన్సు అక్కర్లేదు. ఇంత చెప్పినా వినకపోతే అప్పుడు ట్రాఫిక్ పోలీసులకి, ఒక్కరే కాదు, ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి వెళ్లండి. అది పితూరీ కాదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో రబ్బరు బ్రేకర్లు దొరుకుతున్నాయి, పసుపు నలుపు చారలవి. అవి బిగించుకోవచ్చా? – షాపు ఓనర్, ఒంగోలు

జవాబు: మీ సొంత కాంపౌండ్‌లో, పార్కింగ్ షెడ్‌లో బిగించుకోండి. పబ్లిక్ రోడ్డు మీద వద్దు. పర్మిషన్ సంగతి పైన చెప్పేశా. అవి కూడా సన్నటివే కాబట్టి పైన చెప్పిన మేస్త్రీ గట్టు కథే. పైగా ట్రాక్టర్లు, నీళ్ల ట్యాంకర్లు తొక్కీ తొక్కీ ముక్కలు ఊడిపోయి మేకులు పైకి మిగులుతాయి, టైర్లు పోతాయి, చెప్పులేసుకున్న కాళ్లు పోతాయి.

ప్రశ్న: అందరూ స్పీడ్ అని తిడతారు కానీ కారు ఓనర్ల బాధ ఎవరికీ పట్టదా? ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకి పొయ్యేలోపు నాలుగు బ్రేకర్లు, ప్రతి దాని దగ్గరా కారు అడుగు గీసుకుంటోంది. రోడ్డు ట్యాక్స్ కట్టాం కదా. టైము వేస్టు, బండి పాడు. – వ్యాపారి, నెల్లూరు

జవాబు: రెండు ఫిర్యాదులు కలిపేశారు, విడదీద్దాం. టైము సంగతి ముందు. మీ వీధి 400 మీటర్లు ఉందనుకుందాం. 50లో పోతే 29 సెకన్లు, 30లో పోతే 48 సెకన్లు. తేడా 19 సెకన్లు. ఆ తర్వాత వీఆర్‌సీ సెంటర్ సిగ్నల్ దగ్గర ఎంతసేపు నిలబడతారో మీకే తెలుసు. కాబట్టి టైము లెక్క నేను ఒప్పుకోను. రోడ్డు ట్యాక్స్ మీరు కట్టారు, నడిచేవాళ్లు ఇంటి పన్ను కట్టారు, వీధి రోడ్డుకి ఎక్కువగా ఖర్చయ్యేది మున్సిపల్ డబ్బే, అదీ ఒప్పుకోను.

రెండోది మాత్రం పూర్తిగా ఒప్పుకుంటా. కారు అడుగు గీసుకుంటోందంటే తప్పు కారుది కాదు, మీది కాదు, బ్రేకర్‌ది. మన దగ్గర అమ్మే మామూలు కార్లకి కింద 16, 17 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. సరైన హంప్ 10 సెంటీమీటర్లే, అదీ పన్నెండడుగుల మీద మెల్లగా లేచి మెల్లగా దిగేది, తగిలే ప్రశ్నే లేదు. తగుల్తున్నాయంటే ఆ నాలుగూ ఎవరో ఇష్టం వచ్చినట్టు పోసినవి. టేపు తీసుకుని వెడల్పు, ఎత్తు కొలిచి ఫొటోలు తియ్యండి, టేపు మీద అంకె కనపడేలా. రాత్రి ఒక ఫొటో కూడా, పెయింటు లేదని తెలిసేలా. ఎత్తు తెలియాలంటే హంప్ మీద నుంచి పక్క రోడ్డు మీదకి ఒక పొడుగాటి కర్ర అడ్డంగా పట్టుకుని, కర్ర సమంగా ఉందో లేదో చూసుకుని, కింద ఖాళీ కొలవాలి, ఒక్కరివల్ల కాదు, ఇద్దరు ఉండాలి. నాలుగు బ్రేకర్ల కొలతలు, వాటి మధ్య దూరాలు ఒక కాగితం మీద వేసి, ఇవి ఐఆర్‌సీ 99 ప్రకారం లేవు, తీసేసి ప్రకారంగా ఉన్నవి రెండు వెయ్యండి అని రాయండి. ఊరికే తీసేయమని మాత్రం రాయకండి, అట్టా రాస్తే వీధిలో ఆడవాళ్లు ఒక్కరూ సంతకం పెట్టరు.